తెలుగు అక్షరాల ఆటకు లిబ్‌జీడీఎక్స్ సరిపోతుందా? ముందుగా ఏం పరీక్షించాలి?

నమస్కారం. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీకు జావా బాగా వచ్చు. చిన్న పిల్లలు అక్షరాల పలకలను జరుపుతూ పదాలు కూర్చే ఆట ఒకటి చేయాలనుకుంటున్నారు. అది ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ, బడిలోని విండోస్ కంప్యూటర్లలోనూ, బ్రౌజర్‌లోనూ ఒకే కోడ్‌తో నడవాలి. అందుకోసం జావాతో ఆటలు చేసే లిబ్‌జీడీఎక్స్ అనే ఫ్రేమ్‌వర్క్‌ను ఒక వారం వాడి చూద్దామని మొదలుపెట్టారు. మొదటిరోజే బొమ్మ తెరమీద చక్కగా కదిలింది గాని, "స్త్రీ" అని రాయగానే స, త, ర మూడూ పొల్లులతో సహా విడివిడిగా కనిపించాయి. ఇది ఫాంట్ లోపమా, ఫ్రేమ్‌వర్క్ లోపమా, ఇంకొకదానికి మారిపోవాలా అని అడుగుతున్నారు.

ఫాంట్ లోపం కాదు. ఎన్ని ఫాంట్లు మార్చినా ఫలితం అదే. లోపం ఫ్రేమ్‌వర్క్‌లో ఉన్న మాట నిజమే అయినా, మీ ఆటలాంటి ఆటకు దాన్ని పూర్తిగా దాటే మార్గం ఉంది కాబట్టి మారవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. దానికి ఒక్క షరతు ఉంది, అది చివర చెబుతాను. పదేళ్లకు పైగా ఈ ఫ్రేమ్‌వర్క్‌తో చిన్న చిన్న ఆటలు చేస్తున్నాను, వాటిలో రెండు తెలుగు ఆటలు. కింద రాసేదంతా ఆ పనిలో నేర్చుకున్నదే.

లిబ్‌జీడీఎక్స్‌ను ఆస్ట్రియాకు చెందిన మారియో జెక్నర్ ప్రారంభించారు. 1.0 వెర్షన్ 2014 ఏప్రిల్‌లో వచ్చింది, అపాచీ 2.0 లైసెన్సుతో ఉచితంగా దొరుకుతుంది. 2019లో పూర్తిస్థాయిలో విడుదలై పేరు తెచ్చుకున్న "స్లే ద స్పైర్" ఆటను దీనితోనే చేశారు, కాబట్టి గట్టిదనం గురించి అనుమానం అక్కరలేదు. అయితే ఇది యూనిటీ లాగా, గోడో లాగా ఎడిటర్ ఉన్న ఇంజిన్ కాదు. ఇది లైబ్రరీల సముదాయం. బొమ్మలు గీయడం, శబ్దం వినిపించడం, వేలి స్పర్శను అందుకోవడం వంటి పనులకు జావా క్లాసులు ఇస్తుంది, మిగిలిన ఆట నిర్మాణమంతా మీరే కోడ్‌గా రాసుకోవాలి. ఆట తర్కం "కోర్" అనే ఒక్క మాడ్యూల్‌లో ఉంటుంది. డెస్క్‌టాప్, ఆండ్రాయిడ్, బ్రౌజర్, ఐఓఎస్‌లకు ఒక్కొక్క చిన్న మాడ్యూల్ దాని చుట్టూ ఉంటుంది. జావా వచ్చిన మీకు ఇది ఇంటి భాషలో మాట్లాడినంత సులువుగా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ ప్రమాణంలో "స్త్రీ" ఒక్క గుర్తుగా ఉండదు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు గుర్తులు వరసగా ఉంటాయి. ఆ ఆరింటినీ చూసి, ఫాంట్ లోపల ఉన్న నియమాలను చదివి, త ఒత్తునూ ర ఒత్తునూ ఎక్కడ పెట్టాలో, సకారం మీది తలకట్టును తీసి గుడిదీర్ఘం ఎలా కలపాలో నిర్ణయించే పనిని షేపింగ్ అంటారు. ఆండ్రాయిడ్‌లోనూ, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోనూ ఈ పనిని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. లిబ్‌జీడీఎక్స్‌లోని బిట్‌మ్యాప్‌ఫాంట్ క్లాసులో ఆ దశ లేదు. అది వాక్యంలోని ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క చిన్న బొమ్మను వెతికి, ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటూ పోతుంది. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగుకు చాలదు. ఫ్రీటైప్ ఎక్స్‌టెన్షన్ కలిపితే సరిపోతుందని మీకు ఎవరో చెప్పినట్టు రాశారు. ఫ్రీటైప్ చేసేది ఫాంట్ ఫైలులోని రూపాన్ని పిక్సెళ్లుగా మార్చడం మాత్రమే, ఏ రూపాన్ని ఎంచుకోవాలో అది నిర్ణయించదు. పైగా ఆ ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్ బిల్డ్‌లో, అంటే బ్రౌజర్ కోసం తయారయ్యే ఆట రూపంలో, పనిచేయదు. ఆ దారిలో ఇంకొక రోజు కూడా ఖర్చు పెట్టకండి.

మీ పరీక్షలో సరిదిద్దుకోవలసింది నాకు ఇక్కడే కనిపిస్తోంది. బొమ్మ కదలడం ఏ ఫ్రేమ్‌వర్క్‌లోనైనా మొదటి గంటలో జరిగే పని కాబట్టి, దాన్నిబట్టి ఏదీ తేలదు. మీ ఆటలో అన్నిటికన్నా కష్టమైన భాగం తెలుగు రాత. ఆ రాత మూడు వేదికల మీదా సరిగ్గా వస్తుందా అన్నదే మొదటి పరీక్ష కావాలి. "అమ్మ", "ఆవు" లాంటి మాటలతో పరీక్షించి తృప్తి పడవద్దు. "జ్ఞానం", "మత్స్యం", "ఉత్ప్రేక్ష", "సంస్కృతం", "రాష్ట్రం", "కైక" పెట్టి చూడండి. "కై"లోని ఐత్వానికి పైన ఒక ముక్క, కింద ఒక ముక్క ఉంటాయి, లోపమున్న చోట కింది ముక్కే ముందుగా తప్పిపోతుంది. "సాఫ్ట్‌వేర్" లాంటి మాట కూడా తప్పక ఉండాలి. అందులో ట్ తరువాత కనబడని విభజన గుర్తు ఒకటి ఉంటుంది, అది పోతే వకారం టకారం కిందికి ఒత్తుగా వెళ్లిపోతుంది.

దీనికి నేను వాడే పరిష్కారం ఇది. మీ ఆటలో పలక మీద కనిపించేది యూనికోడ్ గుర్తు కాదు, పిల్లవాడు పలికే అక్షరం. "రాష్ట్రం" కంప్యూటర్‌కు 8 గుర్తులు, పిల్లవాడికి "రా", "ష్ట్రం" అనే రెండే అక్షరాలు. కాబట్టి ఆట అంతటా అక్షరాన్నే మూల ప్రమాణంగా తీసుకోండి. జావాలోని లెంగ్త్ ఇచ్చే సంఖ్యను పద పొడవుగా ఎక్కడా వాడవద్దు. సిద్ధంగా దొరికే విభజన క్లాసులను కూడా నేను నమ్మను. యూనికోడ్ ప్రామాణిక నియమాల్లోనే, సంయుక్తాక్షరాన్ని విడదీయకుండా ఒక్కటిగా చూడాలన్న సూత్రం తెలుగుకు 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌తో గాని చేరలేదు. అంతకు ముందరి నియమాల ప్రకారం తయారైన లైబ్రరీలు "స్త్రీ"ని మూడు ముక్కలు చేస్తాయి. మీ సొంత విభజన రాసుకోవడం ఒక పూట పని: ఒక హల్లు, దాని వెంట పొల్లు-హల్లు జంటలు ఎన్ని ఉంటే అన్ని, ఆ తరువాత ఉంటే ఒక గుణింతపు గుర్తు, ఆపైన ఉంటే సున్నా గాని విసర్గ గాని. అచ్చుతో మొదలైతే అచ్చు, దాని వెంట సున్నా. అంతే.

ఇక్కడ మీరు మాత్రమే తీసుకోగల నిర్ణయం ఒకటి ఉంది. మాట చివర పొల్లు హల్లు వస్తే, అంటే "బస్" లాంటి మాటలో "స్" వస్తే, దానికి వేరే పలక ఇవ్వాలా, లేక ముందు అక్షరంతో కలిపి "బస్" అని ఒకే పలక చేయాలా? ఛందస్సులో పొల్లు హల్లు ముందున్న అక్షరంలో భాగం. కానీ ఇప్పుడిప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్లలకు విడి పలకే తేలికగా అర్థమవుతుందని, నా ఆటలు ఆడిన పిల్లల పక్కన కూర్చుని చూసినప్పుడు నాకు అనిపించింది. ఏది ఎంచుకున్నా ఆట మొత్తం అదే పాటించండి.

అక్షరాలు విడిపోయాక, వాటి బొమ్మలను ఆట నడిచేటప్పుడు కాకుండా బిల్డ్ సమయంలోనే, అంటే కోడ్‌ను ఆటగా మార్చేటప్పుడే, తయారు చేసుకోవాలి. మీ కంప్యూటర్‌లోని సాధారణ జావాకు తెలుగు షేపింగ్ వచ్చు; జేడీకే (జావా అభివృద్ధి సాధనాల కిట్) 9 నుంచి అది కూడా హార్ఫ్‌బజ్‌నే వాడుతోంది. కాబట్టి ఒక చిన్న జావా ప్రోగ్రామ్ రాసి, మీ పదాల జాబితాను దానికి ఇచ్చి, అందులో వచ్చే భిన్నమైన అక్షరాలన్నిటినీ ఏరి, ఒక్కొక్కదాన్ని టెక్స్ట్‌లేఅవుట్ క్లాసుతో గీసి, అన్నిటినీ ఒక పెద్ద బొమ్మలో సర్దండి. ఆ తరువాత ప్రతి అక్షరానికీ యూనికోడ్‌లో సొంత గుర్తుల కోసం వదిలిపెట్టిన ప్రైవేట్ యూజ్ ఏరియా నుంచి ఒక సంకేతం కేటాయించి, ఆ వివరాలతో బిట్‌మ్యాప్‌ఫాంట్ చదవగలిగే ఫాంట్ ఫైలును రాయించండి. ఆ ప్రాంతంలో 6,400 ఖాళీ స్థానాలు ఉన్నాయి. అప్పుడు "ష్ట్రం" అనేది లిబ్‌జీడీఎక్స్ దృష్టిలో ఇంగ్లీషు ఏ, బీ లాంటి ఒక్క గుర్తే అవుతుంది. షేపింగ్ అక్షరం లోపలే జరిగే పని, ఒక అక్షరం పక్క అక్షరం రూపాన్ని మార్చదు కాబట్టి, ఇలా విడివిడిగా గీసి పక్కపక్కన పేర్చినా మాట సరిగానే కనిపిస్తుంది.

తెలుగులో రాగల అక్షరాలన్నిటికీ ముందే బొమ్మలు గీసి పెట్టుకుందామని అనుకోవద్దు. 35 హల్లులు, 13 గుణింత రూపాలు తీసుకుంటే 455 అక్షరాలే అవుతాయి గాని, ఒక్క ఒత్తు చేర్చి లెక్కిస్తే 15,925కు చేరుతుంది. అది ఆ 6,400 స్థానాల్లో పట్టదు, అందులో అత్యధికం ఏ మాటలోనూ రావు. మీ జాబితాలో ఉన్న అక్షరాలే గీయండి. 64 పిక్సెళ్ల వెడల్పు, 96 పిక్సెళ్ల ఎత్తు గళ్లుగా తీసుకుంటే 2048×2048 బొమ్మలో 672 అక్షరాలు పడతాయి, మించితే రెండో బొమ్మ వస్తుంది. అలాంటి బొమ్మ ఒక్కొక్కటి గ్రాఫిక్స్ మెమరీలో 16 మెగాబైట్లు తీసుకుంటుందని మాత్రం గుర్తుంచుకోండి. ఎత్తు ఎందుకు ఎక్కువ పెట్టానంటే తెలుగులో ఒత్తుల మీద ఒత్తులు కిందికి దిగుతాయి. ర ఒత్తు కొన్ని ఫాంట్లలో హల్లుకు ఎడమ పక్కకు కూడా పొడుచుకు వస్తుంది కాబట్టి, గడి అంచుల్లో నాలుగైదు పిక్సెళ్ల ఖాళీ వదిలి, అక్షరం నిజంగా ఆక్రమించిన హద్దులను కొలిచి ఎడమ జరుగుబాటును ఫాంట్ ఫైలులో రాయాలి. నేను మొదటిసారి ఇది చేయలేదు. నా ఆటలో "చక్రం" మాటకు ర ఒత్తు కొస తెగిపోయి కనిపించింది, దాన్ని గమనించి చెప్పింది ఒక ఏడేళ్ల అమ్మాయి.

ఫాంట్ విషయంలో గూగుల్ ఫాంట్స్‌లో ఉచిత లైసెన్సుతో దొరికే మండలి, రామభద్ర, సురవరం, నోటో సాన్స్ తెలుగు చూడండి. పలకల మీదికి రామభద్ర నిండుగా ఉంటుంది, సూచనల వాక్యాలకు మండలి హాయిగా చదవనిస్తుంది. ఆటలోని సూచనలు, మెనూ మాటలు కూడా మారని వాక్యాలే కాబట్టి వాటి అక్షరాలనూ అదే జాబితాలో కలిపేయండి.

విండోస్‌లో పని చేస్తుంటే ఒక చిన్న జాగ్రత్త అవసరం. పదాల ఫైలును చదివేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పండి. జేడీకే 18కి ముందు విండోస్‌లో జావా వేరే ఎన్‌కోడింగ్‌ను తనకు తానే ఊహించుకునేది, అందువల్ల కోడ్‌లో తప్పేమీ లేకుండానే తెలుగంతా చెదిరిపోయేది. ప్రాజెక్టును బిల్డ్ చేసే గ్రేడిల్ అనే సాధనపు కంపైల్ అమరికలో కూడా అదే మాట రాయండి. ఫైళ్ల పేర్లు అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. పెద్ద, చిన్న అక్షరాల తేడాను విండోస్ పట్టించుకోదు గాని ఆండ్రాయిడ్ పట్టించుకుంటుంది.

ఈ పని అయ్యాక, అంటే బహుశా మూడో రోజున, వెంటనే బ్రౌజర్ బిల్డ్ చేసి చూడండి. చాలామంది దీన్ని చివరికి వాయిదా వేసి ఇబ్బంది పడతారు. లిబ్‌జీడీఎక్స్ బ్రౌజర్ బిల్డ్ గూగుల్ మొదలుపెట్టిన జీడబ్ల్యూటీ అనే సాధనం మీద ఆధారపడుతుంది. అది మీ జావా సోర్స్‌ను జావాస్క్రిప్ట్‌గా తర్జుమా చేస్తుంది కాబట్టి, మీరు వాడే ప్రతి లైబ్రరీకీ సోర్స్ ఉండాలి, జావాలోని ప్రతి క్లాసూ అక్కడ ఉండదు. స్ట్రింగ్ ఫార్మాట్ లేదు, థ్రెడ్లు లేవు, యూనికోడ్ రూపాలను సమం చేసే నార్మలైజర్ లేదు. అందుకే అక్షర విభజననూ పదాల శుద్ధినీ బిల్డ్ సమయంలోనే ముగించి, ఆటకు సిద్ధమైన సంకేతాల జాబితాను మాత్రమే ఇవ్వమంటున్నాను. ఆటలోని బొమ్మలు, శబ్దాల ఫైళ్లన్నీ ఆట మొదలవక ముందే డౌన్‌లోడ్ అవుతాయి, కాబట్టి బడిలోని నెమ్మది నెట్‌లో ఎంతసేపు పడుతుందో చూసుకోండి. జీడబ్ల్యూటీ పరిమితులు మరీ అడ్డం వస్తే, జావా బైట్‌కోడ్‌నే తర్జుమా చేసే టీవీఎం ఆధారిత బ్యాకెండ్‌ను కొందరు స్వచ్ఛందంగా నిర్వహిస్తున్నారు, దానికి మారవచ్చు.

నాలుగో రోజు నిజమైన ఫోన్ మీద పరీక్షించండి. ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లో ఫోన్‌ను అనుకరించే ప్రోగ్రామ్) చాలదు, మీ సొంత కొత్త ఫోన్ కూడా చాలదు. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఉండే, పిల్లల చేతికి నిజంగా వచ్చే పాత ఫోన్ తీసుకోండి. ఆట మధ్యలో ఆ ఫోన్‌కు కాల్ చేయించి, రెండు నిమిషాలు మాట్లాడి, మళ్లీ ఆటలోకి రండి. నా మొదటి తెలుగు ఆటలో ఈ పరీక్ష చేయలేదు. విశాఖపట్నంలో మా అక్క కూతురు ఆడుతుండగా కాల్ వచ్చింది, తిరిగి వచ్చేసరికి పలకలన్నీ నల్లటి గళ్లయ్యాయి. కారణం ఏమిటంటే, ఆట వెనక్కి వెళ్లినప్పుడు ఆండ్రాయిడ్ ఒక్కోసారి గ్రాఫిక్స్ కాంటెక్స్ట్‌ను, అంటే బొమ్మలు గీయడానికి ఆటకు ఇచ్చిన ఏర్పాటునే, రద్దు చేస్తుంది. ఫైలు నుంచి ఎక్కించిన టెక్స్చర్లను (గ్రాఫిక్స్ మెమరీలోని బొమ్మలను) లిబ్‌జీడీఎక్స్ తిరిగి తనే ఎక్కిస్తుంది గాని, ఆట నడిచేటప్పుడు పిక్స్‌మ్యాప్ (మెమరీలో గీసిన బొమ్మ) నుంచి మీరు సృష్టించినవాటిని తిరిగి ఎక్కించదు. అప్పట్లో నేను తెలుగు అక్షరాలను ఆండ్రాయిడ్ కాన్వాస్ మీద ఆట నడిచేటప్పుడే గీయించి టెక్స్చర్‌గా మార్చేవాణ్ని. బిల్డ్ సమయంలో గీసే పద్ధతికి నేను మారడానికి కారణం ఆ రోజే. అదే సందర్భంలో ఆట స్థితిని కూడా పాజ్ అనే పద్ధతిలో భద్రపరచండి, ఎందుకంటే దాని తరువాత, ఆట ముగింపులో రావలసిన డిస్పోజ్ పిలుపు వస్తుందన్న హామీ లేదు.

కదలికలను ఫ్రేముల లెక్కన కాకుండా గడిచిన సమయం లెక్కన రాయండి, లేకపోతే 60 హెర్ట్జ్ ఫోన్‌లో సరిగ్గా ఉన్న వేగం 120 హెర్ట్జ్ ఫోన్‌లో రెట్టింపవుతుంది. తెర కొలతలకు ఎక్స్‌టెండ్ వ్యూపోర్ట్ వాడితే పొడవాటి ఫోన్లలో పలకలు సాగిపోవు. పలక ముట్టుకుంటే అక్షరం పలికే ఏర్పాటు ఉంటే శబ్దాలను ఎంపీ3లో పెట్టండి, ఆండ్రాయిడ్‌లో చిన్న శబ్దాల ఫైలు 1 మెగాబైటు దాటకూడదు, బ్రౌజర్‌లో పిల్లవాడు ఒకసారి తెరను తాకేదాకా శబ్దం రాదు. టెక్స్చర్లు, శబ్దాలు జావా చెత్త సేకరణకు అందవు, వాటిని మీరే డిస్పోజ్ చేయాలి.

ఐఫోన్ గురించి మీరు అడగలేదు గాని, తరువాత ఎవరైనా అడుగుతారు. లిబ్‌జీడీఎక్స్ ఐఓఎస్‌కు, జావాను ఐఫోన్‌లో నడిచే కోడ్‌గా మార్చే రోబోవీఎం మీద ఆధారపడేది. 2015లో దాన్ని తయారుచేసే సంస్థను జామరిన్ అనే మరో సంస్థ కొన్నది, మరుసటి ఏడాది జామరిన్‌ను మైక్రోసాఫ్ట్ కొని రోబోవీఎంను నిలిపివేసింది. అంతకు ముందు ఓపెన్ సోర్స్‌గా ఉన్న కోడ్‌ను మోబివీఎం పేరుతో కొందరు నిలబెట్టారు కాబట్టి ఇప్పటికీ ఆ దారి ఉంది. అయితే మ్యాక్ కంప్యూటర్ తప్పనిసరి, ఆపిల్‌కు ఏడాదికి 99 డాలర్లు కట్టాలి. మొదటి విడుదలకు దీన్ని పక్కన పెట్టండి.

ఇక మొదట్లో చెప్పిన షరతు. పైన చెప్పిన పద్ధతి అంతా, ఆటలో కనిపించే తెలుగు ముందే తెలిసి ఉన్నప్పుడు మాత్రమే పనిచేస్తుంది. పిల్లవాడు తన పేరును స్వయంగా టైపు చేసుకోవాలని గాని, ఉపాధ్యాయులు ఆటలోనే కొత్త పదాలు చేర్చాలని గాని మీరు కోరుకుంటే, ఏ అక్షరం వస్తుందో ముందుగా చెప్పలేరు. అప్పుడు ఆట నడిచేటప్పుడే షేపింగ్ కావాలి. లిబ్‌జీడీఎక్స్‌లో దానికి మూడు వేదికలకూ మూడు వేర్వేరు కోడ్‌లు రాసి నిలబెట్టుకోవాలి, ఆ శ్రమ మీ ఆటకు తగినది కాదు. అలాంటి సందర్భంలో గోడో 4 ఎంచుకోండి. 2023 మార్చిలో వచ్చిన 4.0 నుంచి దానిలో హార్ఫ్‌బజ్ లోపలే ఉంది, తెలుగు ఫాంటును ప్రాజెక్టులో చేర్చితే మామూలు లేబుల్‌లో కూడా "స్త్రీ" సరిగ్గానే వస్తుంది. దానికి బదులుగా గోడో సొంత భాష జీడీస్క్రిప్ట్ నేర్చుకోవాలి, బ్రౌజర్ బిల్డ్ పరిమాణం పెరుగుతుంది. డార్ట్ భాష వచ్చినవారికి ఫ్లట్టర్ మీద నడిచే ఫ్లేమ్ కూడా ఇలాంటిదే.

నా ఆటల్లో పేరు టైపు చేసే చోట పేరుకు బదులు బొమ్మను ఎంచుకోమన్నాను: చిలుక, కుందేలు, ఏనుగు, నెమలి. ఇంకా రాయడం రాని పిల్లలకు అదే సులువుగా ఉంది, ఆ ఒక్క నిర్ణయంతో షేపింగ్ అవసరమే తప్పిపోయింది. మీ ఉపాధ్యాయులకు ఆటలోనే పదాలు చేర్చే వెసులుబాటు తప్పనిసరా, లేక వాళ్లు పంపిన జాబితాతో నెలకొకసారి మీరు కొత్త బిల్డ్ ఇస్తే చాలా అన్నది వాళ్లను అడిగి తెలుసుకోండి. రెండోదే చాలంటే, ఈ రాత్రే అక్షర విభజన కోడ్ మొదలుపెట్టవచ్చు. అది రాశాక "ఉత్ప్రేక్ష"కు మూడు, "మత్స్యం"కు రెండు, "సంస్కృతం"కు మూడు అక్షరాలు వస్తున్నాయో లేదో చూసి ఇక్కడ రాయండి. లెక్క తప్పితే కోడ్ కూడా పెట్టండి, చూసి చెబుతాను.